పొట్టకు తనిఖీ

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి ట్రైనర్ వస్తాడు. ఆలోగా ఇల్లు సర్ది, స్నానం చేసి, ఆరోగ్యవంతుడిలా కనిపించాలి. సూపరింటెండెంటు గారు వేసుకున్న పథకం అంతవరకే.

ఆయనకు తనిఖీలు కొత్త కాదు. ఆఫీసుకు పైవాళ్ళు వస్తున్నారని తెలిస్తే చాలు, తేలని ఫైళ్ళు స్టోరుగదిలోకి, విరిగిన కుర్చీలు మేడమీదికి, ఎప్పుడూ కనబడని గుమాస్తా తన సీట్లోకి చేరిపోయేలా చూసేవారు. వచ్చినవాళ్ళు మెచ్చుకుని కారెక్కగానే అన్నీ యథాస్థానానికి వచ్చేవి. ఇన్నేళ్ళ సర్వీసులో ఆయన సెక్షన్‌కు ఒక్క రిమార్కు పడలేదు. పడిందల్లా ఆయన పొట్టకే. అది రాసింది డాక్టరు గారు.

"ముందు ఇల్లూ, వంటగదీ అంతా చూస్తాను సార్. తర్వాత ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో చెబుతాను," అన్నాడు ట్రైనర్ ఫోన్లో. 'చూస్తాను' అన్న మాట వినగానే సూపరింటెండెంటు గారిలో ఆఫీసు ఉద్యోగి ఒళ్ళు విరుచుకున్నాడు.

తెల్లారకముందే బిస్కెట్లు, కేకులు, చాక్లెట్లు, చిప్సు, జాము సీసాలు అట్టపెట్టెల్లోకి ఎక్కాయి. టీవీ మీద దుప్పటి పడింది. సోఫా దగ్గర మాత్రం ఆయన కాసేపు ఆగిపోయారు. అందులో ఆయన ఆకారం అచ్చుగుద్దినట్టు దిగబడి ఉంది. ఏ దుప్పటి కప్పినా ఆ గుంట దాగేది కాదు. దాన్ని ఈడ్చుకుంటూ వెళ్ళి మెట్ల దగ్గరి వరండాలో పెట్టారు.

లెక్కల టీచరైన ఆయన భార్య గుమ్మానికి ఆనుకుని ఇదంతా చూస్తోంది.

"అతను వచ్చేది మిమ్మల్ని బాగుచెయ్యడానికా, బాగున్నారని సర్టిఫికెట్టివ్వడానికా?"

"మొదటిరోజే అలుసైపోతే ఎలాగోయ్? నువ్వీ పెట్టెలు కార్లో వేసుకెళ్ళి మీ చెల్లెలింట్లో దించెయ్యి."

"దాని పిల్లలు రెండు రోజులు కూడా ఉంచరు."

"మంచిదే. వాళ్ళకింకా తనిఖీల్లేవు."

పెట్టెలు కారెక్కుతుంటే కింది వాటాలో ఉండే ఇంటి ఓనరు గారు మొక్కలకు నీళ్ళు పోస్తూ తలెత్తారు. "ఏమిటండీ, పొద్దున్నే సామాను కదులుతోంది?"

బిస్కెట్లని చెప్పడానికి సూపరింటెండెంటు గారికి నోరు రాలేదు. "ఏం లేదండీ. ఇకమీదట కొత్త జీవితం మొదలుపెడదామని. ఇవాళొకాయన వచ్చి చూస్తారు. ఆయన సరేనంటే ఇక ఆగేది లేదు."

"మరి మాకు ముందు చెప్పలేదే?"

"ఎవరికీ చెప్పలేదండీ. పని పూర్తయ్యాక మీకే తెలుస్తుందని..."

టీచరు గారి కారు సందు తిరిగింది. ఓనరు గారి చేతిలో గొట్టం ఒక్క మొక్కమీదే పోస్తూ ఉండిపోయింది. ఇన్నేళ్ళూ సొంత తమ్ముడిలా చూసుకుంటే, కొత్త ఇల్లు కొనుక్కుని, చెప్పాపెట్టకుండా ఖాళీ చేస్తారా? మనసు చివుక్కుమంది. అయితే చివుక్కుమన్న మనసు ఎంతోసేపు అలా ఉండలేదు. అద్దెకు ఇల్లు కావాలని ఎన్నాళ్ళుగానో అడుగుతున్న పంటి డాక్టరు గుర్తొచ్చాడు. వెంటనే ఫోన్ చేశారు. "ఇల్లు మీదే అనుకోండి. వచ్చి చూసుకోండి. నేను మాత్రం పైకి రాను. వాళ్ళ మొహం చూడబుద్ధి కావడం లేదు."

పంటి డాక్టరు పక్కవీధిలోనే ఉంటాడు. చెప్పులేసుకుని వచ్చేశాడు.

తలుపు తీసిన సూపరింటెండెంటు గారు ఒక్క క్షణం తడబడ్డారు. కండలు తిరిగిన మనిషి వస్తాడనుకుంటే బక్కపల్చగా, కళ్ళజోడుతో, గంభీరంగా ఉన్నాడు. ఇంతగా తగ్గినవాడే ఎదుటివాణ్ణి తగ్గించగలడని సర్దిచెప్పుకున్నారు.

"చూడ్డానికొచ్చానండీ."

"రండి, రండి. మీకోసమే ఎదురుచూస్తున్నాను."

పంటి డాక్టరు సోఫా లేక బోసిపోయిన హాలును కలయజూశాడు. "పూర్తిగా ఖాళీయేనా?"

"పూర్తిగా అండీ. మంచినీళ్ళు తప్ప ఏమీ పడలేదు."

"నీళ్ళకి ఇబ్బంది లేదన్నమాట."

"అబ్బే, లేదండీ. రాత్రిళ్ళయితే రెండు మూడుసార్లు వస్తుంది."

"ఎన్నేళ్ళయింది?"

"వచ్చే నెలకి యాభై రెండు నిండుతాయి."

"అంతా? చూస్తే అలా లేదే."

సూపరింటెండెంటు గారు మెలికలు తిరిగారు. "అందరూ అదే అంటారు. పైకి తెలీదు గానీ, మీ దగ్గర దాచడమెందుకు, లోపల చాలా పాడైంది." దాచడానికి పొద్దుటినుంచీ పడ్డ శ్రమంతా ఆ ఒక్క మెచ్చుకోలుతో కొట్టుకుపోయింది.

"మరి వానాకాలంలో?"

"అప్పుడే అసలు నరకం. జాయింట్లలో మొదలై పైనుంచి కిందిదాకా పాకుతుంది."

పంటి డాక్టరు జేబులోంచి కొలత టేపు తీశాడు. సూపరింటెండెంటు గారు చేతులు పైకెత్తి ఊపిరి బిగబట్టారు. పంటి డాక్టరు చూపు మాత్రం ఆయన వెనక గోడలోంచి ముందుకు పొడుచుకొచ్చిన సిమెంటు అరమీద ఉంది. తన బీరువా అక్కడే పెట్టాలి.

"ఈ ముందుకొచ్చింది చాలా చోటు తినేస్తోందండీ. మొదటినుంచీ ఉందా?"

"పెళ్ళికి ముందు లేదండీ. తర్వాత్తర్వాత పెరిగింది. మా ఆవిడ చలవ."

"మొత్తం తీసేస్తే?"

"నెమ్మదిగా తీద్దామండీ. ఒక్కసారే తీస్తే కూలిపోనూవచ్చు."

పంటి డాక్టరు టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు. "ఉన్నదున్నట్టు చెప్పారు, సంతోషం. ఇంత రిపేరు నావల్ల కాదు. ఇంకెవర్నయినా చూసుకోండి." ఓనరు గారి కంటపడకుండా పక్కగేటు గుండా వెళ్ళిపోయాడు.

సూపరింటెండెంటు గారు గోడకానుకుని నేలమీద కూలబడ్డారు. పొట్టకు రిమార్కు రాసిన డాక్టరు గారు తిట్టినప్పుడు కూడా ఇంత బాధ కలగలేదు. తిట్టాడంటే ఆశ ఉన్నట్టే కదా. ఈయన ముట్టుకోకుండానే చేతులెత్తేశాడు. పిల్లలు లేని ఇల్లు. రేపు తను మంచాన పడితే బళ్ళో పాఠాలు చెప్పొచ్చి తనను కూడా ఆవిడే లేపాలి. పెట్టెలు మోస్తూ ఆవిడ నవ్వింది గానీ, ట్రైనర్‌ని వెతికి పెట్టింది ఆవిడేనని గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి.

అప్పుడే నిక్కరూ బనీనూ వేసుకున్న ఒక దిట్టమైన యువకుడు, భుజాన పెద్ద సంచీతో గేటు తీసుకుని వచ్చాడు. అసలు ట్రైనర్ అతనే. సామాన్లు మోసేవాడొచ్చాడనుకున్నారు ఓనరు గారు. "పైవాళ్ళ కోసమేనా? వరండాలో సోఫా ఉంది. అది ముందు దించు. తర్వాత మిగతావన్నీ." సార్ వ్యాయామానికి చోటు ఖాళీ చేయిస్తున్నారు కాబోలనుకుని ట్రైనర్ చకచకా మెట్లెక్కాడు.

"సోఫా దించమన్నారు సార్."

స్పాంజి మార్పిస్తానని భార్య ఎన్నాళ్ళుగానో అంటోంది. ఆ దుకాణం మనిషే అయివుంటాడు. "పట్టు బాబూ," అంటూ సూపరింటెండెంటు గారు లేచి రెండో కొస అందుకున్నారు. పాపం తనది, గుంట తనది. మొయ్యాల్సిందీ తనేననిపించింది.

ఎలాగో కిందికి చేర్చారు. ముంగిట్లో అదే సోఫాలో, అదే గుంటలో కూర్చుని రొప్పసాగారు. ఆయనకు ఊపిరి అందేలోగా ట్రైనర్ బల్ల దించాడు, కుర్చీలు దించాడు, టీవీని దుప్పటితో సహా దించాడు.

"ఏమోయ్, నువ్వు తీసుకెళ్ళాల్సింది సోఫా ఒక్కటే కదా?"

"పెద్దాయన అన్నీ దించమన్నారు సార్."

కారు వచ్చి ఆగింది. టీచరు గారు దిగి, ముంగిట్లో పరుచుకున్న తన సంసారాన్ని ఒకసారి చూసింది. "ఏమండీ, మన హాలు వీధిలో ఎందుకుంది?"

"అది నేనడగాలమ్మా," అన్నారు ఓనరు గారు. "ఖాళీ చేస్తున్నామని ఒక్క మాట చెప్పలేకపోయారా? పంటి డాక్టరు గారికి మాటిచ్చేశాను. ఇప్పుడు వద్దన్నా కుదరదు."

ఆవిడ మొహం పాలిపోయింది. ఆవిడ బడి ఈ సందు చివరే. "ఖాళీ చేస్తున్నామని ఎవరన్నారు?"

అందరూ సోఫావైపు తిరిగారు.

"నేను బిస్కెట్లే ఖాళీ చేశాను," అన్నారు సూపరింటెండెంటు గారు నీరసంగా.

"అయితే సార్ మీరేనా?" అన్నాడు యువకుడు. "నేను మీ ట్రైనర్‌ని."

"నువ్వా? మరి ఇందాక టేపు తీసి, నావల్ల కాదని పోయినాయనెవరు?"

ఓనరు గారి ఫోన్ మోగింది. పంటి డాక్టరు గొంతు అందరికీ వినబడేంత గట్టిగా ఉంది. "ఏమండీ, యాభై రెండేళ్ళ కొంపని కొత్తిల్లని చెప్పి అంటగడతారా? జాయింట్లలోంచి కారుతోందట, అర తీస్తే కూలిపోతుందట. ఉంటున్నాయనే స్వయంగా చెప్పాడు. నాకక్కర్లేదు." ఫోన్ పెట్టేశాడు.

"నా ఇంటికి పట్టుమని పదేళ్ళు లేవు," అన్నారు ఓనరు గారు, నెమ్మదిగా ఒక్కొక్క మాటా తూస్తూ. "ఎవరు చెప్పారండీ ఇదంతా?"

"అది ఇంటి గురించి కాదండీ," అన్నారు సూపరింటెండెంటు గారు. "నా గురించి."

ఓనరు గారు ఆయన్ని తల నుంచి కాళ్ళ దాకా చూశారు. మధ్యలో కాస్త ఎక్కువసేపు ఆగారు. "మీరెక్కడికీ వెళ్ళొద్దు. ఇక్కడే ఉండండి. ఇంటి గురించి మాత్రం ఎవరితోనూ మాట్లాడకండి."

టీచరు గారు మొహం తిప్పుకుని చీరచెంగుతో నవ్వు ఆపుకుంది. ట్రైనర్ సంచీ పక్కన పెట్టి సోఫా ఒక కొస పట్టుకున్నాడు. "మొదటి సెషన్ ఇదే అనుకుందాం సార్. నడుం వంచకండి, మోకాళ్ళ మీద లేవండి."

ఇల్లు నిలిచింది, సూపరింటెండెంటు గారు మాత్రం నడుం పట్టేసి బుధవారం దాకా నిలబడలేదు.