కర్ర ఇంకా ఆరలేదు

ఈ వీధిలో సంగీతానికి పుట్టినిల్లు ఎక్కడుందని ఎవరైనా అడిగితే, వడ్రంగి మేస్త్రిగారి స్నానాలగది అని నిస్సంకోచంగా చెప్పవచ్చు. ఆ గదికి తలుపు లేదు. ద్వారబంధానికి ఒక పాత దుప్పటి వేలాడుతూ ఉంటుంది. లోపల మనిషి ఉన్నట్టు బయటివారికి తెలియాలంటే లోపలివారు పాడాలి. పాట ఆగిందంటే గది ఖాళీ అని అర్థం. తొమ్మిదేళ్లుగా ఈ నిబంధన ఎలాంటి సవరణా లేకుండా ఆ ఇంట్లో అమలవుతోంది.

ఫలితాలు అద్భుతంగా ఉన్నాయి. మేస్త్రిగారి భార్యకు మూడు వందల పాటలు కంఠతా వచ్చు. కూతురు తలంటుకునే రోజుల్లో సాధన బాగా కుదరడం వల్ల, బడిలో ఏ పోటీ పెట్టినా మొదటి బహుమతి ఆ పిల్లదే. మిగతా పిల్లలు రెండో బహుమతి కోసం నిజాయితీగా కృషి చేస్తున్నారు. మేస్త్రిగారికి మాత్రం పాట రాదు, అందుకని ఎక్కాలు చదువుతారు. పదమూడో ఎక్కం మధ్యలో తడబడితే సబ్బు కళ్లలో పడిందని ఇరుగుపొరుగువారు గ్రహించి, ఆయన మళ్లీ అందుకునేదాకా ఓపిక పడతారు.

మేస్త్రిగారు పని చేతకానివారని మీరనుకుంటే ఆయనకు అన్యాయం చేసినవారవుతారు. ఆయన చేసిన తలుపులు ఊళ్లో నాలుగు వందలకు తక్కువ ఉండవు. చిటికెన వేలితో తోస్తే తెరుచుకుంటాయి, పిల్లిలా చప్పుడు లేకుండా మూసుకుంటాయి. ఎవరి తలుపైనా నాలుగు రోజుల్లో బిగించి వస్తారు. తన ఇంటి దగ్గరికి వచ్చేసరికే ఆయనకు వృత్తి ధర్మాలన్నీ గుర్తొస్తాయి. తలుపు కోసం తెచ్చిన ఆరు టేకు పలకలు వరండా గోడకు ఆనించి ఉన్నాయి. అడిగినప్పుడల్లా వాటిని వేలి కణుపుతో తట్టి, చెవి ఆనించి విని, "కర్ర ఇంకా ఆరలేదు" అంటారు. పచ్చి కర్రతో తలుపు చేస్తే వంకర తిరుగుతుందన్నది నిజమే. పైగా వానాకాలంలో కర్ర ఉబ్బుతుంది, ఎండాకాలంలో బీటలిస్తుంది, చలికాలంలో జిగురు పట్టదు. ఈ మూడూ కాని నాలుగో కాలం కోసం ఆయన తొమ్మిదేళ్లుగా ఎదురుచూస్తున్నారు. ఈలోగా ఆ పలకల మీద ఇంట్లోవాళ్లు తడిబట్టలు ఆరేస్తున్నారు. అవి మాత్రం పూటలో ఆరిపోతున్నాయి.

ఈ ఏర్పాటు వల్ల నష్టపోయింది అత్తగారొక్కరే, అంటే మేస్త్రిగారి భార్యకు తల్లి. ఆవిడ పాడరు. "వీధి వీధంతా వినేలా నేను పాడలేనమ్మా, నన్నొదిలెయ్" అన్నారు మొదటిసారి. అప్పటినుంచి ఉదయం బస్సుకు వచ్చి, మంచినీళ్లు కూడా ఆచితూచి తాగి, సాయంత్రం బస్సుకు వెళ్లిపోతారు. కూతురింట్లో ఒక్క రాత్రి నిద్ర చేసి ఎరుగరు. తల్లిని బస్సెక్కించి వచ్చిన ప్రతిసారీ మేస్త్రిగారి భార్య గడప మీద కాసేపు ఊరికే కూర్చుంటుంది. ఆ పూట స్నానాలగదిలో ఆవిడ పాటకు శృతి కుదరదు.

ఇలా ఉండగా అత్తగారికి మోకాలి ఆపరేషన్ అయింది. మూడు వారాలు మెట్లెక్కకూడదన్నారు డాక్టరుగారు. కొడుకు ఉండేది మూడో అంతస్తులో. అందుకని ఆవిడ కూతురికి ఫోన్ చేసి, కుశల ప్రశ్నల జోలికి పోకుండా, "తలుపు ఉందా" అని అడిగారు.

మేస్త్రిగారి భార్య ఫోన్ పెట్టేసి భర్త దగ్గరికి వచ్చింది. "ఏమండీ, వచ్చే నెల మొదటి ఆదివారం అమ్మ వస్తోంది. తలుపుంటే మూడు వారాలుంటుంది. లేకపోతే సాయంత్రానికే వెళ్లిపోతుంది. ఈసారి నేనూ, అమ్మాయీ కూడా ఆవిడతో వెళ్లిపోతాం. మీరూ మీ ఎక్కాలూ హాయిగా ఉండండి."

గొంతు పెంచకుండా చెప్పింది. తొమ్మిదేళ్లలో ఆవిడ ఈ విషయం గొంతు పెంచకుండా మాట్లాడటం అదే మొదటిసారి. మేస్త్రిగారికి గుండెల్లో రాయి పడింది. ఆ క్షణమే ఆయన ఒక దృఢ నిర్ణయానికి వచ్చారు. తలుపు సంగతి తర్వాత, ముందు తనలోని బద్ధకాన్ని కూకటివేళ్లతో పెకలించాలి.

అదృష్టవశాత్తూ ఊళ్లో అప్పుడే కార్యదీక్షా శిబిరం పెట్టారు. నడిపేది ఉత్సాహం మాస్టారని పేరుపడ్డ మహావక్త. కాలం విలువ గురించిన ఆ శిబిరం రెండున్నర గంటలు మాత్రమే ఆలస్యంగా మొదలైంది. మాస్టారు మైకును రెండుసార్లు తట్టి ఇలా ఉపన్యసించారు:

"మిత్రులారా, పని ఎవరైనా చేస్తారు. చీమ కూడా చేస్తుంది. కానీ చీమకు తపన ఉందా? లేదు. తపన లేకుండా పూర్తయిన పనిని నేను పనిగా గుర్తించను. కాబట్టి ఉత్సాహం వచ్చేదాకా దేనిమీదా చెయ్యి వెయ్యకండి. మీ సంకల్పాన్ని రెండంటే రెండే మాటల్లో రాసి కళ్లెదురుగా పెట్టుకోండి. మిగతాది ఆ మాటలే చూసుకుంటాయి."

చప్పట్లు మారుమోగాయి. పని ఎలా మొదలుపెట్టాలన్న రెండో భాగం వచ్చే నెలకు వాయిదా పడింది.

మేస్త్రిగారు ఇంటికొస్తూనే జానెడున్నర చెక్కకు చిత్రికపట్టి, దాని మీద 'ఈ రోజే' అని ఉలితో అక్షరాలు చెక్కి, నగిషీ అంచు తీర్చి, పనిచేసే పాక ముందు వేలాడదీశారు. చూసినవారి కళ్లు చెదిరాయి. బడి పెద్దమాస్టారు గదికొకటి కావాలన్నారు. పళ్ల డాక్టరు తన పేషెంట్ల కోసం రెండు చెప్పారు. పన్నెండేళ్లుగా ఆత్మకథలో మొదటి అధ్యాయం దాటని రిటైర్డ్ ఇంజనీరు అన్నింటికంటే పెద్దది అడిగారు. మేస్త్రిగారు తెల్లవారకముందే లేచి పాకలో దూరేవారు. అన్నం సంగతి కూడా మరిచిపోయేవారు. అంత కష్టపడే మనిషిని బద్ధకస్తుడన్నవాడు నోరు కడుక్కోవాలి.

"మరి తలుపో" అంది భార్య.

"దానికోసమే కదా ఈ పాట్లన్నీ. ఉత్సాహం పుంజుకుంటోంది. ఇంకాస్త పుంజుకోనీ."

ఆ ఉత్సాహం పుంజుకుంటూ ఉండగానే పురపాలక కార్యాలయం సత్వర సేవా వారోత్సవం తలపెట్టి, అత్యవసరంగా నలభై బోర్డులు కోరింది. పాకలో కర్ర అయిపోయింది. మేస్త్రిగారు నాలుగు దిక్కులూ చూశారు. వరండాలోకి వచ్చి టేకు పలకను వేలి కణుపుతో తట్టారు. చెవి పెట్టి విన్నారు.

"ఆరింది" అన్నారు.

తొమ్మిదేళ్ల నిరీక్షణ ఆ విధంగా ఫలించింది. కూతురు ఏ ఏటికాయేడు ఎంత పెరిగిందో గీతలు గీసుకున్న పలకతో సహా, ఆరింటినీ శుక్రవారం సాయంత్రానికి నలభై ముక్కలుగా కోసి, అన్నింటి మీదా 'ఈ రోజే' చెక్కేశారు. రంపం చప్పుడు విని భార్య వరండాలోకి వచ్చి చూసింది. లోపలికి వెళ్లి అటక మీది పెట్టె దించింది.

శనివారం బోర్డుల కోసం ఎవరూ రాలేదు. పరిపాలనా కారణాల రీత్యా సత్వర సేవా వారోత్సవాన్ని నిరవధికంగా వాయిదా వేసినట్టు పురపాలకం వారు కబురు పంపారు. పెద్దమాస్టారు సెలవుల తర్వాత చూద్దామన్నారు. ఇంజనీరుగారు ఎల్లుండి వస్తానన్నారు, ఏ ఎల్లుండో చెప్పలేదు.

ఆదివారం ఉదయం వాకిట్లో కారు ఆగింది. అత్తగారు చేతికర్ర ఊతంగా దిగి, "తలుపు ఉందా బాబూ" అన్నారు.

మేస్త్రిగారు భార్య వైపు చూశారు. ఆవిడ పక్కన సర్దిన పెట్టె ఉంది. పెట్టె మీద కూతురు గెలిచిన కప్పులు మూటకట్టి ఉన్నాయి. పాకలో నలభై బోర్డులూ, వాటితోపాటు మిగతావారు తీసుకెళ్లనివీ దొంతరగా ఉన్నాయి.

"కూర్చోండత్తయ్యా. కాఫీ తాగండి. ఈలోగా వస్తాను."

రెండు పొడుగాటి బద్దలు నేల మీద పరిచారు. బోర్డులు వరసకు రెండు చొప్పున పన్నెండు వరసలు పేర్చారు. మేకులు దిగ్గొట్టి, అంచులు చిత్రికపట్టి, ద్వారబంధానికి బందులు బిగించారు. సరిగ్గా నలభై నిమిషాలు. ఆ నలభై నిమిషాల్లో ఆయనకు ఎలాంటి ఉత్సాహమూ రాలేదు. రావాలని ఎదురుచూసే తీరిక లేక, అది లేకుండానే కానిచ్చేశారు.

అత్తగారు తలుపు ముందు నిలబడి ఇరవై నాలుగు 'ఈ రోజే'లూ ఓపిగ్గా చదివారు. "ఒకసారి చెబితే వినరా మీ ఇంట్లో" అని, లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నారు. చప్పుడు కాలేదు. మేస్త్రిగారి భార్య కళ్లు చెమర్చాయి. పెట్టె తాళం తీసి ఒక్కొక్క చీరే బయట పెట్టసాగింది. మేస్త్రిగారికి ప్రాణం లేచొచ్చింది.

"అమ్మాయ్, గడియ ఏదే" అన్న మాట లోపలినుంచి వినబడింది.

చీర పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. భార్యా, కూతురూ ఇద్దరూ మేస్త్రిగారి వైపు తిరిగారు. ఆయన ఇంటి కప్పును పరిశీలిస్తున్నారు.

"గడియెంతసేపు. ఇత్తడిది, మంచిది చూసి పెట్టాలి. రేపు..."

లోపల నీళ్లు కూడా ఆగాయి. అంతలో ఎవరో గొంతు సవరించుకున్న చప్పుడైంది. మొదట సన్నగా, తర్వాత కాస్త ధైర్యంగా, ఒక జోలపాట తలుపు దాటి వచ్చింది. మేస్త్రిగారి భార్య ఆ పాట విని ముప్పై ఏళ్లయింది. తను ఒళ్లో పట్టినంతకాలం విన్న పాట అది. చీర పట్టుకునే కూలబడి, సంతోషం పట్టలేక, ఏడుస్తూనే నవ్వేసింది. ఎదురింటివారు రేడియో కట్టేశారు.

అత్తగారు మూడు వారాలకని వచ్చి ఐదు వారాలున్నారు. మోకాలు ఎప్పుడో నయమైంది. ఉదయం పూట పాటకు వీధిలో అభిమానులు ఏర్పడినందువల్ల బయలుదేరలేకపోయారు. గడియ సంగతి మేస్త్రిగారు మరిచిపోలేదు. ఇత్తడి అసలు రంగు తేలడానికి కొంత కాలం పడుతుందట.

కాగా, 'ఈ రోజే' బోర్డులకు ఆర్డరిచ్చిన పెద్దలందరికీ తెలియజేయడమేమనగా, మీ బోర్డులు భద్రంగా ఉన్నాయి. ఎవరిది ఏదో గుర్తుగా తలుపు లోపలివైపు పెన్సిలుతో పేర్లు రాసి ఉన్నాయి. ఈ కథ చదువుతున్నవారి పేర్లూ అందులో కొన్ని ఉన్నాయని మేస్త్రిగారు అన్నారు గానీ, మర్యాదకు బయటపెట్టలేదు. వచ్చినప్పుడు లోపల పాట వినబడితే ఆగ్రహించకుండా బయటే నిలబడండి. మరీ తొందరేమీ లేదు. మీరు ఎలాగూ ఈ రోజు రారు.