మాస్కు మీద మీసం

పైరుకు మందు కొట్టేటప్పుడు రైతు ముక్కుకు మాస్కు కట్టుకోవాలనే జ్ఞానాన్ని బొమ్మలోకి దించడానికి మదనపల్లెలో ఒక కమిటీ వేసినారు. అందులో ఒక్కరూ జన్మలో మందు కొట్టినవాళ్లు కాదు కాబట్టి పక్షపాతానికి తావు లేకపోయింది.

మొదటి బొమ్మ గీసింది నిమ్మనపల్లెలో వ్యవసాయ సహాయకురాలు స్వర్ణలత. ఆమె బాధ ఆమెది. నాయన గంగులప్ప మొన్న టమేటాకు మందు కొడతా కండ్లు తిరిగి గెనిమ గట్టు మీద పడినాడు. ముక్కుకు కట్టుకో నాయనా అంటే, "గాలాడదు పోమ్మా" అంటాడు. చెవికెక్కనిది కంటికైనా ఎక్కుతుందని, నాయన మొహమే గీసి మాస్కు తొడిగింది. పక్కన నవ్వే మనవరాల్ని నిలబెట్టింది.

కమిటీ ఆ బొమ్మను కూలంకషంగా మూల్యాంకనం చేసింది. "భయం పుడితేనే బుద్ధి పుడుతుంది" అని అధ్యక్షులు భీమరావుగారు అమూల్యంగా సెలవిచ్చి, కండ్లు ఎర్రగా, గుడ్లు బయటికి వచ్చేట్టు దిద్దించినారు. పుంగనూరు సభ్యుడు మనవరాల్ని తీసేసి పుర్రెను పెట్టించినాడు. మీసం లేనిదే రైతెట్లవుతాడని కుప్పం సభ్యుడు పట్టుబట్టినాడు. మాస్కు కింద మీసం కనపడదు గదా అని స్వర్ణలత గొణిగితే, మాస్కు మీదనే వేయమని ఏకగ్రీవంగా తీర్మానించినారు.

ఫ్లెక్సీలు పంచినారు. మామూలుగా సర్కారు ఫ్లెక్సీ గొడ్ల కొట్టం మీద కప్పుగా స్థిరపడుతుందని మీకు తెలియంది కాదు. ఇది మాత్రం ప్రతి టమేటా తోట నడిమధ్యన కట్టెకెక్కి నిలబడింది. కమిటీ ఆనందం పట్టలేక పరిశీలనకు బయలుదేరి గంగులప్ప తోటలో దిగింది.

గంగులప్ప ఆ ఫ్లెక్సీ కిందనే, బోడి ముక్కుతో, మందు కొడతా ఉండాడు.

"బొమ్మ ఎట్లుండాది పెద్దాయనా?" అన్నారు భీమరావుగారు.

"శానా బాగుండాది సామీ. ఇంత జడిపించే దిష్టిబొమ్మను మా తాత కూడా సూసుండడు. పైరు మీద ఒక్క కన్ను పడలే."

భీమరావుగారు 'రైతుల ఆదరణ నూటికి నూరు' అని రాసుకుని, తృప్తిగా సిగరెట్టు పెట్టె తీసినారు. దాని మీద కుళ్లిన గొంతు బొమ్మ. దాన్ని బొటనవేలితో మూసి ఒకటి ముట్టించినారు.

గంగులప్ప పెట్టె వైపు తేరిపార చూసి అడిగినాడు.

"అది దేని దిష్టికి సామీ?"

పొగ నేరుగా గంగులప్ప మొహానికి కొట్టింది. దగ్గుతా, టవాలు తీసి ముక్కుకు బిగించి కట్టుకున్నాడు. కమిటీ వెంటనే ఫోటో తీసుకుంది, బొమ్మ ప్రభావానికి రుజువుగా.

స్వర్ణలత చేతులు కట్టుకుని వినయంగా ముందుకొచ్చింది.

"సార్, మళ్లా మంగళవారం మందు కొడతాము. మీరొచ్చి నాయన పక్కన నిలబడి ఇంకొకటి ముట్టించాల."