యువనేత గారి మూడు దూరాల చూపు

మా యువజన విభాగం అధ్యక్షులు పెద్దిరాజు గారు రెండు కళ్లకీ ఆపరేషన్ చేయించుకుని మల్టీఫోకల్ లెన్సులు వేయించుకున్న శుభసందర్భంగా ఐ.పోలవరం సెంటర్లో ఫ్లెక్సీ కట్టారు. "దగ్గరా, దూరమూ, మధ్యా... ఇక అన్నీ చూస్తారు మన యువనేత!"

చదవగానే నాకు ప్రాణం లేచొచ్చింది. మా అమ్మాయి శారోన్ రోజూ కాలేజీ బస్సు కోసం సైకిలు మీద కాలవ వంతెన దాటాలి. దానికి రెయిలింగ్ లేదు. పిల్ల ఇల్లు చేరేదాకా నా కళ్లకి నీళ్లలో తేలే సైకిలే కనిపిస్తుంది. రెయిలింగ్ వేయించమని ఎప్పుడు అడిగినా పెద్దిరాజు గారు "చూస్తానమ్మా" అనేవారు. పాపం, చూపు ఆనకే గాని మనసు లేక కాదని ఇప్పుడు తెలిసింది.

వెంటనే వారింటికి వెళ్లాను. కళ్లు పరీక్షించడానికి డాక్టరు గారు వచ్చి ఉన్నారు.

"సందె వేళ అంతా మసగ్గా ఉంటందండీ," అన్నారు పెద్దిరాజు గారు.

"డెబ్బై దాటినవాళ్లకి అలా ఉంటుందండి. కంటిపాప చిన్నదైపోయి వెలుగు తక్కువ వెళుతుంది. లెన్సుకి అలవాటుపడ్డానికీ టైము పడుతుంది. మీ వయసెంతండీ?"

పెద్దిరాజు గారు రంగేసిన జుట్టు సవరించుకున్నారు.

"నలభై తొమ్మిది. మా విభాగంలో ఏభై దాటకూడదు కదండీ."

"ఆయ్, నలభై తొమ్మిదేనండి," అంది పెద్దకోడలు కాఫీ అందిస్తూ. "మొన్న మా ఆయనకి ఏభై నిండినప్పుడు మావయ్యగారికి నలభై తొమ్మిది నిండేయండి."

"అయితే ఏ వేళైనా బాగా కనపడాలండి," అన్నారు డాక్టరు గారు.

"కనపడతందండీ," అన్నారు పెద్దిరాజు గారు వెంటనే.

నేను వంతెన సంగతి మళ్లీ చెప్పుకుంటే, ఆ సాయంత్రమే మందీ మార్బలంతో వంతెన మీదికి విచ్చేశారు. కళ్లు చికిలించి నలువైపులా చూశారు.

"రెండు పక్కలా రెయిలింగ్ ఉంది కదమ్మా!"

"అయ్యి అటూ ఇటూ రొయ్యల చెరువులకి వల కట్టిన కర్రలండి బాబూ!"

వారితో వచ్చిన ఇంజనీరు మురళీమోహన్ గారు నన్ను పక్కకి పిలిచారు. "నలభై తొమ్మిదేళ్ల కళ్లు, అందులోనూ కొత్త లెన్సులు. వాటికి కనపడిందంటే ఉన్నట్టే కదమ్మా? లేదంటే సార్ వయసుని అనుమానించినట్టవుద్ది."

"అనుమానం కాదు బాబూ, భయం."

"ఉందండి," అన్నారు కార్యకర్తలందరూ. "గట్టిగా కూడా ఉందండి," అన్నాడొకాయన.

"అయితే దానికి ఆనుకుంటాను, ఫొటో తియ్యండి," అంటూ పెద్దిరాజు గారు వెనక్కి జరిగారు.

ఉందన్నవాళ్లంతా ఒక్క గెంతులో వెళ్లి ఆయన నడుం పట్టుకున్నారు. ఇంజనీరు గారు కాళ్లు పట్టుకున్నారు.

"చూసేరా! ప్రజలే నాకు రెయిలింగ్!" అన్నారు పెద్దిరాజు గారు గాల్లోంచి.

ఎవరి చేతులూ ఖాళీ లేక చప్పట్లు నేనొక్కదాన్నే కొట్టాను. కొట్టాక అడిగాను.

"రేపు మా శారోన్ దాటేటప్పుడు ఈళ్లలో ఒక్కర్నైనా ఇక్కడ నిలబెడతారా బాబూ?"

ఆయన నన్ను దగ్గరగా, దూరంగా, మధ్యస్తంగా చూశారు.

"చూస్తానమ్మా," అన్నారు.