పెట్టెలో నీలిమందు

ఆ శనివారం పొద్దున ఆవిడ వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నం పన్నెండు గంటలదాకా పాప గదిలో బల్ల మీదున్న పెట్టెని ముట్టుకోకుండా ఉండాలి. అంతే. వంట, బట్టలు ఉతకడం, ఇల్లు తుడవడం ఎటూ రోజూ ఉండేవే కనక వాటిని పథకంలో కలపలేదు.

పాపకి ఇరవయ్యారేళ్ళు. ఎవరెవరో చేసిన తప్పులకి పగలంతా ఫోన్లో క్షమాపణలు చెప్పడం దాని ఉద్యోగం. ఇంటికొచ్చాక, ఆర్నెల్లుగా, ఈ పెట్టెని తయారు చేస్తోంది. చెప్పుల పెట్టె కన్నా కాస్త పెద్దది. అందులో ఓ పూర్తి కంప్యూటరు ఇరుక్కుని ఉంది. కంప్యూటరన్నాక వేడెక్కుతుంది, వేడెక్కితే ఫ్యాన్లు తిరుగుతాయి, తిరిగితే రొద. మాటలు రికార్డు చేసే స్టూడియోలో ఆ రొద పనికిరాదు. అందుకని పాప గోల చేసే ఫ్యాన్లు తీసేసి నీళ్ళు పెట్టింది. చిటికెనవేలంత గొట్టాల్లో నీళ్ళు తిరుగుతూ, వేడిని మోసుకెళ్ళి రేడియేటర్లో దింపి వస్తాయి. పన్నెండింటికి స్టూడియో ఆయన స్వయంగా వచ్చి చూస్తాడు. నచ్చితే అలాంటివి పది చేయించుకుంటాడు. పది పెట్టెల పని చేతికొస్తే పాప ఆ క్షమాపణల ఉద్యోగం మానేయవచ్చు.

ఆవిడకి ఇదంతా సంతోషమే. ఒక్క నీళ్ళ సంగతే మింగుడుపడలేదు. తడిచేత్తో స్విచ్చి ముట్టుకోకే అని పిల్లకి నడక రాకముందు నుంచీ చెప్పిన తల్లి ఆవిడ. ఆ పిల్లే పెరిగి పెద్దదై, ఏకంగా నీళ్ళని తీసుకెళ్ళి కరెంటు మధ్యలో పెట్టింది. పెంపకంలో ఎక్కడ పొరపాటు జరిగిందో ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు.

"ఇంకోసారి చెప్తా, విను," అంది పాప చెప్పులు వేసుకుంటూ. "ఇప్పుడు కరెంటు నీళ్ళు తిప్పే మోటారుకి మాత్రమే ఉంది. మిగతా దేనికీ లేదు. నిన్న పన్నెండింటి నుంచి నీళ్ళు తిరుగుతున్నాయి. ప్రతి జాయింటు కిందా ఓ టిష్యూ ముక్క పెట్టాను. ఇవాళ పన్నెండుదాకా అవి పొడిగా ఉంటే, కారట్లేదన్నమాట. అప్పుడు మొత్తానికి కరెంటిస్తా."

"తడిస్తే?"

"నాకు ఫోన్ చెయ్యి. నువ్వు మాత్రం ఏదీ ముట్టుకోకు. అద్దాల షాపువాడు పెట్టెకి బిగించే పక్క అద్దం అంగుళం ఎక్కువ కోశాడు. సరిచేయించుకుని పదకొండున్నరకల్లా వచ్చేస్తా."

"మధ్యలో పేలితే?"

"నీళ్ళు పేలవమ్మా."

"ఇంతవరకూ పేల్లేదు," అంది ఆవిడ.

పాప బండి వీధి మలుపు తిరిగేదాకా చూసి, ఆవిడ కుర్చీ లాక్కుని పెట్టె ముందు కూచుంది. పెట్టెలో ఓ మూల గాజు ట్యాంకు ఉంది, దగ్గు మందు సీసా అంత. అందులోని నీళ్ళు పైకి కనిపిస్తున్నాయి. నీళ్ళు ఎక్కడిదాకా ఉన్నాయో చూసి, బల్ల మీదున్న పెన్ను తీసుకుని గాజు మీద సన్నగా ఓ గీత పెట్టింది. గీత పెట్టడం ముట్టుకోవడం కిందికి రాదని తనకి తానే సర్దిచెప్పుకుంది.

పదిన్నరకి చూస్తే నీళ్ళు గీత కన్నా గోరంత కిందికి ఉన్నాయి.

ఆవిడ కళ్ళు నులుముకుంది. మళ్ళీ చూసింది. టిష్యూలు ఒక్కొక్కటీ వేలితో తడిమింది. చేతివేలికి అందినవన్నీ పొడిగానే ఉన్నాయి. మరి నీళ్ళు ఏమైనట్టు? బయటికి రాలేదంటే లోపలే ఎక్కడో చేరుతున్నాయి. పన్నెండింటికి పాప స్విచ్చి వేస్తుంది. ఆ తర్వాతది ఊహించడానికి ఆవిడకి ఎక్కువసేపు పట్టలేదు. మంటలు, అంబులెన్సు, తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డ ఇరుగుపొరుగు, అన్నీ వరసగా వచ్చిపోయాయి.

పాపకి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. బండి నడిపేటప్పుడు అది ఫోను డిక్కీలో పడేస్తుంది. అలా పడెయ్యమని చెప్పింది ఆవిడే.

ఇక మిగిలింది ఆయన. ఆవిడ భర్తది నీటి సరఫరా ఆఫీసు. ఊళ్ళో భూమిలోపల ఎక్కడ పైపు కారుతున్నా కనిపెట్టే జట్టుకి ఆయనే పెద్ద. ఫోనెత్తేసరికి రోడ్డు తవ్వుతున్న చప్పుడు.

"ఏవండీ, పాప పెట్టెలో నీళ్ళు తగ్గిపోతున్నాయి. కింద తడి మాత్రం లేదు."

"ఎంత తగ్గాయి?"

"గోరంత."

"గంటకా?"

"అరగంటకి."

ఆయన కాసేపు మాట్లాడలేదు. ఆవిడ ఈలోగా అంబులెన్సు నంబరు గుర్తు చేసుకుంది. నిజానికి ఆయన ఆ మౌనంలో ఆనందిస్తున్నాడు. "నేను ముందే అనుకున్నా," అన్నాడు చివరికి. "ముప్ఫై ఏళ్ళుగా ఈ ఊరు తాగే నీళ్ళు నా జాయింట్లలోంచి వెళ్తున్నాయి. నా కూతురు జాయింటు ఎలా బిగించాలో వీడియో చూసి నేర్చుకుంది. నన్నో మాట అడిగిందా?"

"అలగడానికి తర్వాత టైముంది. ఇప్పుడేం చెయ్యను?"

"మేమైతే రంగు కలుపుతాం. మామూలు నీళ్ళు ఆరిపోతే జాడ తెలీదు. రంగు ఆరదు, మచ్చ ఉండిపోతుంది. ఇంట్లో నీలిమందు ఉందిగా, అరచెంచా వెయ్యి."

"కంప్యూటర్లోనా?"

"గొట్టం ఏదైనా గొట్టమేనే. వెయ్యి. మా ఫిట్టర్ని కూడా పంపిస్తున్నా, చూసి బిగిస్తాడు."

ఆవిడ బాత్రూంలోంచి నీలిమందు సీసా తెచ్చింది. ట్యాంకు మూత విప్పింది. ఇది ముట్టుకోవడం కిందికే వస్తుంది. కానీ పాప ప్రాణం ఒక పక్క, పాప మాట ఒక పక్క. అరచెంచా అన్నది మామూలు చేతికి. వణికే చేతికి అది చెంచాన్నర అయింది. నీలం ట్యాంకులో మేఘంలా విచ్చుకుని, ఓ గొట్టంలో దూరి, ఇంకో గొట్టంలోంచి తేలి, చూస్తుండగానే పెట్టెంతా పాకిపోయింది. ఆవిడ పావుగంట చూసింది. తర్వాత, అంతవరకూ కిక్కురుమనని మోటారు ఉన్నట్టుండి ఒక గుటక వేసింది. మళ్ళీ ఇంకో గుటక.

ఆవిడ ఒక్క పరుగున వెళ్ళి ఇంటి మెయిన్ ఆపేసింది.

అందుకే పదకొండింటికి వచ్చినాయన బెల్లు ఎంత నొక్కినా మోగలేదు. తలుపు కొడితే ఆవిడ తీసింది. మడత నలగని తెల్లచొక్కా మనిషి. ఫిట్టరుకి ఈ చొక్కా ఏమిటో అనిపించింది గానీ, అనుమానాలకి కూడా అప్పుడు తీరిక లేదు.

"నమస్తే అమ్మా. దారి ఖాళీగా ఉండి కాస్త ముందే వచ్చేశాను. ఆ పెట్టె గురించి..."

"పెట్టె గురించే. త్వరగా రండి. చెప్పులు అక్కడ విడవండి. పనిముట్లేవీ తేలేదా?"

"పనిముట్లా?"

"సరే, ఈ టార్చి పట్టుకోండి."

ఆయన పట్టుకున్నాడు. కొందరు ఆడవాళ్ళు టార్చి ఇస్తే పట్టుకోవడం తప్ప మరో దారి ఉండదు. గదిలోకి తీసుకెళ్ళి బల్ల ముందు మోకాళ్ళ మీద కూచోబెట్టి, ఖాళీగా ఉన్న రెండో చేతిలో నీలిమందు చెంచా పెట్టింది.

"పాప వచ్చేలోగా ఎక్కడ కారుతోందో మనం పట్టెయ్యాలి," అంది గొంతు తగ్గించి. "పన్నెండింటికి స్టూడియో ఆయన వస్తాడు. ఇదివరకు ఆయనకి ఎవరో ఇలాంటిదే చేసిచ్చారట. అది కారి నెల్లాళ్ళ రికార్డింగులు నాశనమయ్యాయట. అందుకని ఒక్క చుక్క కనిపించినా పెట్టె వద్దంటాడని పాప చెప్పింది."

"అంటాడు," అన్నాడు ఆయన.

"మీకు తెలుసా ఆయన?"

"కొంచెం."

"మనిషి ఎలాంటివాడు?"

ఆయన చెంచా వంక చూసుకున్నాడు. దాన్లోంచి నీలం చొక్కా చేతిలోకి జారుతోంది. "చెడ్డవాడు కాదు. ఆ రికార్డింగుల దెబ్బ తర్వాత ఎవర్నీ నమ్మడం లేదు."

"నేనూ అంతే," అంది ఆవిడ. "టార్చి కొంచెం ఎడంగా."

ఇద్దరూ చేతికందే జాయింట్లన్నీ వెతికారు. పెట్టె చిన్నది కావడంతో రేడియేటరు వెనకాల ఏముందో వేలికి గాని కంటికి గాని అందడం లేదు. అలా వంగి వంగి ఆయన నడుం పట్టుకునే వేళకి గుమ్మం దగ్గర ఎవరో దగ్గారు.

"అమ్మగారూ, సార్ పంపారు. ఫిట్టర్ని," అన్నాడు వచ్చినవాడు. భుజం మీద గదలా ఓ పైపు రెంచి ఉంది. అది పెట్టెకన్నా పొడుగు.

ఆవిడ రెంచి వంక చూసింది. తెల్లచొక్కా వంక చూసింది. మళ్ళీ రెంచి వంక చూసింది.

"మరి మీరు..."

"ఇందాక కొంచెం తెలుసన్నానే, ఆ మనిషిని," అన్నాడు స్టూడియో ఆయన. మోకాళ్ళ మీంచి లేవలేదు. లేవడానికి సాయం కావాలి, రెండు చేతులూ ఖాళీగా లేవు.

సరిగ్గా అప్పుడే ఫిట్టరు వెనకాల నుంచి, అద్దం గుండెకి హత్తుకుని, పాప లోపలికి వచ్చింది. గది చూసింది. రెంచి, టార్చి, మోకాళ్ళ మీద తన భవిష్యత్తు, ఆయన చొక్కా మీద నీలం, పెట్టెనిండా అదే నీలం. అద్దాన్ని నెమ్మదిగా మంచం మీద పెట్టింది.

"నీలంగా ఉందేంటమ్మా?"

"నీలిమందు."

"ఎవరు పోశారు?"

"మీ నాన్న."

"నాన్న రోడ్డు మీదున్నారు."

"చెయ్యి నాదే," అంది ఆవిడ. "నీళ్ళు తగ్గాయే. గీత పెట్టి మరీ చూశాను."

"లోపల చిక్కుకున్న గాలి బుడగలు బయటికి వస్తే నీళ్ళు దిగుతాయి. అలాగే దిగాలి. నీకు నిన్ననే చెప్పాను."

"చెప్పావు. అప్పుడు నేను వేరే దానికి భయపడుతున్నాను."

పాప అరిచి ఉంటే ఆవిడకి కాస్త ఊరటగా ఉండేది. అది అరవలేదు. స్టూడియో ఆయన వైపు తిరిగి, ఆఫీసులో వాడే మెత్తటి గొంతుతో, "క్షమించండి సార్. పెట్టె కారడం లేదు. కానీ ఈ రంగు రేడియేటర్లో పేరుకుంటే పాడవుతుంది. అంతా విప్పి కడిగి మళ్ళీ ఒక రోజంతా చూడాలి. ఇవాళ చూపించలేను," అంది.

ఆ గొంతు వినగానే ఆవిడ ప్రాణం ఉసూరుమంది. సోమవారం పొద్దున పాప ఆ గొంతు వేసుకుని ఆఫీసుకి పోతుంది. మంగళవారం కూడా. ఆవిడ బతుకంతా దేనికి పడితే దానికి భయపడింది. ఏదీ జరగలేదు. ఇన్నాళ్ళకి ఒకటి జరిగితే, అది తన చేత్తోనే జరిగింది.

పాప రేడియేటరు మరలు విప్పి, గొట్టాలు ఊడకుండా దాన్ని పక్కకి జరిపింది. ఏదో ఒక సాయం చెయ్యాలి కనక ఆవిడ టిష్యూలు ఏరడం మొదలుపెట్టింది. అన్నీ తెల్లగా, పొడిగా ఉన్నాయి. రేడియేటరు వెనకాల ఉండిపోయిన ఆఖరిది తీస్తూ ఆవిడ ఆగింది. చటుక్కున గుప్పిట మూసింది.

"అమ్మా, చేతిలో ఏముంది?" అన్నాడు స్టూడియో ఆయన.

"ఏం లేదు."

"అమ్మా," అంది పాప.

ఆవిడ గుప్పిట విప్పింది. టిష్యూ మధ్యలో ఆవగింజంత నీలం చుక్క. "నా చెంచాలోంచి పడుంటుందిలే," అంది గబగబా. "నా చెయ్యి నిలకడ నీకు తెలుసుగా."

"ట్యాంకు ఈ మూల, ఇది ఆ మూల," అంది పాప. పైనున్న జాయింటుని వేలితో తుడిచింది. వేలు నీలమైంది. ఫిట్టరు రెంచిని గోడకి ఆనించి వచ్చి, బొటనవేలి గోరుతో జాయింటుని ఒక్క పిసరు ఎత్తి చూశాడు. "రబ్బరు రింగు ఒరిగింది, పాపగారూ. చాలా సన్నగా కారుతోంది. మామూలు నీళ్ళు కదా, పడ్డది పడ్డట్టే ఆరిపోయింది. మీకు కనపడదు."

పాప గడియారం వంక చూసింది. పన్నెండింటికి తను స్విచ్చి వేసి ఉండేది. ఆయన మెచ్చుకుని తీసుకెళ్ళి ఉండేవాడు. వారానికో నెలకో, మళ్ళీ రికార్డింగులు పోయి ఉండేవి.

స్టూడియో ఆయన ఫిట్టరు భుజం పట్టుకుని లేచాడు. చొక్కా చేతులు మడుచుకున్నాడు. "ఒక్క చుక్క కనిపించినా వద్దంటానని చెప్పినమాట నిజమే," అన్నాడు.

"అవును సార్," అంది పాప.

"కానీ ఇదివరకటి పెట్టెలో ఆ చుక్క నా స్టూడియోలో, అంతా పోయాక కనిపించింది. ఇది మీ ఇంట్లోనే కనిపించింది. పది పెట్టెలూ చెయ్యండి. ఒక్క షరతు. ప్రతి పెట్టే రంగు నీళ్ళతో ఒక రోజు అమ్మగారి ముందు ఉండాలి."

"సార్, ఆవిడ ఈ పని ఎక్కడా నేర్చుకోలేదు. ఆవిడ మా అమ్మ."

"నేర్చుకున్నవాళ్ళు పోయినసారి చూశారు," అన్నాడు ఆయన.

అప్పుడే ఫోన్ మోగింది. "దొరికిందా?" అన్నాడు రోడ్డు మీంచి ఆవిడ భర్త. దొరికిందంటే, నేను చెప్పలేదూ అన్నాడు. ఇదే మాట వారం రోజులపాటు అన్నం దగ్గర కూడా అన్నాడు. పాప మాత్రం మర్నాడు ఆయన పక్కన కూచుని రింగు ఎలా కూర్చోబెట్టాలో అడిగింది. ఆయన పదినిమిషాల్లో చెప్పాల్సింది రెండు గంటలు చెప్పాడు. ఆ నెలాఖరుకి పాప తన ఆఫీసులో ఆఖరి క్షమాపణ చెప్పి వచ్చేసింది.

తర్వాత వచ్చిన పది పెట్టెల్లోనూ నీలిమందు బదులు వాటికోసమే అమ్మే రంగు పోశారు. ఆవిడ ఒక్కో పెట్టె ముందు ఒక్కో రోజు కుర్చీ వేసుకుని, కన్నార్పకుండా, వచ్చే ప్రమాదాలన్నీ ఊహించుకుంటూ కూచుంది. ఒక్కటీ కారలేదు. పదీ వెళ్ళిపోయాయి. పదకొండో రోజు పొద్దున లేచి, భయపడటానికి ఇంట్లో ఏమీ లేదని తెలిసేసరికి ఆవిడ గుండె గుభేలుమంది.