భయపడే అమ్మాయికి ఒక విజిల్

ఉద్యోగినులకు సంస్థలు ఉచితంగా ఇచ్చే గొప్ప వరం భయం. కాదనేవారు నిరభ్యంతరంగా ఈ పేజీ తిప్పేయవచ్చు!

సాయంత్రం ఆరు దాటాక ఖాళీ భవనంలో ఒంటరిగా పనిచేసే స్త్రీకి ఎన్ని విద్యలు అబ్బుతాయో ఎప్పుడైనా ఆలోచించారా? మెట్ల మీది చప్పుడును బట్టి మనిషి బరువూ, బూటు కొలతా చెప్పగలదు. ఎవరూ లేని ఫోనులో "ఆ నాన్నా, కిందే ఉన్నారా? వచ్చేస్తున్నా" అని నటించగలదు. ఏ ట్రైనింగ్ ప్రోగ్రాం ఇన్ని నేర్పుతుంది?

నా మనవరాలు రక్తపరీక్షల ల్యాబ్‌లో టెక్నీషియన్. చివరి శాంపిల్ ఫలితం వచ్చేదాకా, అంటే ఎనిమిదింటి వరకూ, ఆమె ఒక్కతే ఉండాలి. ఏడాదిపాటు ఈ సాయంత్రం డ్యూటీ చేసినవారికే సెక్షన్ ఇన్‌ఛార్జి పదవి. ఆమె పదకొండు నెలలు చేసింది.

వెనక తలుపుకు గడియ లేదు. రోజూ కుర్చీ అడ్డం పెట్టి, దాని మీద రెండు పెట్టెలు పేర్చాకే పని మొదలుపెట్టేది. బరువులెత్తడం ఒంటికి మంచిదే కదా!

ఒక సాయంత్రం ఆ కుర్చీ దానంతట అదే జరిగింది. మేడ మీది పర్చేజ్ ఆఫీసరు తల లోపలికి పెట్టాడు.

"ఒక్కదానివేనా? బోరు కొడుతుంటుందని వచ్చా."

"పనుందండీ. వెళ్లండి."

"అబ్బో, ఏం కోపం! నేనేమైనా కొరుకుతానా?"

ఆ వారంలోనే మరి రెండుసార్లు వచ్చాడు. పరుల గదిలోకి తలుపు తట్టి వెళ్లాలని కాన్వెంటులో మదర్లు మాకు ఆరేళ్లకే నేర్పారు. ఆయనగారికి నలభై అయిదే. ఇంకా పసివాడు, పాపం!

ఆమె ఆ పెద్దమనిషి మీద ఫిర్యాదు రాసిచ్చి, తలుపుకు ఒక గడియ అడిగింది. సేఫ్టీ కమిటీ కదిలింది. అయిదుగురు మగ మహానుభావులు పట్టపగలు పదకొండింటికి, ల్యాబ్ కిటకిటలాడుతున్న వేళ, తనిఖీకి విచ్చేశారు.

"ఏదమ్మా భయం? మాకేం కనబడలేదే!" అన్నారు చైర్మన్‌గారు.

అయినా దయామయులు. ఎర్ర రిబ్బను కట్టిన విజిల్ ఒకటి బహూకరించి, ఫోటో దిగారు. ఆరు దాటాక ఆ భవనంలో విజిల్ వినగలిగే మనిషి ఎవరు? తలుపు దగ్గర నిలబడ్డవాడే! ఎంత త్వరగా సహాయం అందుతుందో చూడండి!

"విజిల్ వద్దండీ, గడియ పెట్టించండి," అని ఆమె మళ్లీ రాసింది. ఈసారి ఉత్తర్వే వచ్చింది. భద్రత దృష్ట్యా ఆరు తర్వాత స్త్రీలెవరూ ల్యాబ్‌లో ఉండరాదు. కాబట్టి పన్నెండో నెల లేదు. కాబట్టి పదవీ లేదు.

"నేనేం తప్పు చేశాను అమ్మమ్మా?" అని అడిగింది పిల్ల.

ఏం చెప్పను? భయమేస్తోందని పైకి చెప్పడమే తప్పని చెప్పనా?

ఆమె స్థానంలోకి ఒక యువకుడు వచ్చాడు. వెనక తలుపులోంచి దోమలు వస్తున్నాయన్నాడట. మర్నాడే గడియ బిగించారు.

అయ్యా కమిటీవారూ, ఇక నాకు వేళాకోళం చేతకావడం లేదు. దోమ కోసం చేసిన పని మనిషి కోసం చేయలేకపోయారు. ఆమె పన్నెండో నెల ఆమెకు ఇవ్వండి. ఆరు కొట్టగానే ఇంటికి పంపవలసినవాడు మేడ మీద ఉన్నాడు.