ఊదని క్లారినెట్‌కు నీలి రిబ్బను

మిర్రబంగ్ వ్యవసాయ ప్రదర్శన సంఘం కార్యదర్శిగా ప్రజలకు సంతోషంతో తెలియజేయునది ఏమనగా, మా ఊళ్ళో కొత్తగా క్లారినెట్ నేర్చుకునేవాళ్ళ తరగతి ఈ ఏడాది ఒక్క స్వరమైనా పలికించకుండా ఆరు నీలి రిబ్బన్లు గెలుచుకుంది. నీలి రిబ్బనంటే మొదటి బహుమతి. అది ఇంట్లో ఉన్నవాళ్ళకు మాంసం కొట్టులో కూడా ముందు వరస దొరుకుతుంది. ఏడో రిబ్బను సంగతి తరువాత మనవి చేస్తాను.

తరగతి పెట్టింది నోయెల్ హాగర్టీ. ఎనభై రెండేళ్ళవాడు. నలభై ఏళ్ళు గొర్రెల ఉన్ని కత్తిరించాడు, ఆ నలభై ఏళ్ళూ ఊరి బ్యాండులో క్లారినెట్ ఊదాడు. బ్యాండులో తక్కినవాళ్ళంతా ఒక్కొక్కరే పోయారు. ఆయన ఎడమ చెవి ఎప్పుడో పోయింది. కుడి చెవి మార్చి నెల దాటదని డాక్టరు చెప్పేశాడు. ఆలోగా తను నేర్పినవాళ్ళలో ఒక్కరైనా కింది నుంచి పైకి ఎనిమిది స్వరాలు ఊదితే వినాలని ఆయన కోరిక. అదేమంత పెద్ద కోరిక కాదు గనక ఎవరూ పట్టించుకోలేదు.

మొదటి రోజే ఆయన ఒక పొరపాటు చేశాడు. ఊదడం కంటే ముందు సంరక్షణ నేర్పాడు.

"ఊదాక లోపలి తడంతా గుడ్డ లాగి తుడవండి. ఎండలో బండిలో వదిలేశారో, కర్ర పగిలిపోద్ది. నోట్లో పెట్టుకునే ఈ రెల్లుపలక సున్నితం, పసిపిల్లలా చూసుకోండి."

తరగతిలో ఏడుగురు. వాళ్ళకు పెద్ద మెర్ల్ పాబ్‌జాయ్, ఇరవై రెండేళ్ళుగా స్పాంజి కేకు పోటీలో ఎదురులేని మనిషి. తుడవడం అనే మాట వినగానే ఆమెకు సంగీతం ఒంటబట్టింది. రెండో వారానికి మీటల సందులు దూది పుల్లలతో శుభ్రమయ్యాయి. మూడో వారానికి క్లారినెట్ల మీద మొహం చూసుకుని జుట్టు సవరించుకునే స్థితి వచ్చింది. నాలుగో వారం ఆమె ప్రదర్శనకు దరఖాస్తు తెచ్చింది.

బ్యాండు పోయాక మా ప్రదర్శనలో సంగీత విభాగం ఎత్తేశాం. అందుచేత క్లారినెట్లను చేతిపనుల విభాగంలో, క్రోషే అల్లికలకూ గుమ్మడికాయ జాముకూ మధ్య చేర్చుకున్నాం. ఆ విభాగంలో పోటీకి పెట్టిన వస్తువు వాడి ఉండరాదు. ఈ నిబంధన టీ కెటిల్ తొడుగుల కోసం రాసింది. అయినా నిబంధన నిబంధనే గనక, క్లారినెట్లు ఊదరాదని తరగతికి నేనే స్వయంగా లేఖ పంపాను. ఆనాటి నుంచి తరగతిలో ఊదే ఊసే ఆగిపోయింది, హాజరు మాత్రం పెరిగింది.

"ఒక్కసారి ఊదమ్మా మెర్ల్. రెల్లుపలక తడవకపోతే శబ్దం ఎట్టా వస్తది?" అన్నాడు నోయెల్.

"తడిస్తే మచ్చ పడుద్ది నోయెల్. మచ్చ పడితే రెండు మార్కులు పోతాయి. జాగ్రత్తగా చూసుకోమని నువ్వేగా చెప్పావు?"

ఆయనకు వినపడాలని ఈ మాట కుడి చెవిలోనే చెప్పింది. ఆమె మర్యాద అలాంటిది.

తరగతిలో ఒక్కడే మొద్దు, గోధుమ లారీ నడిపే ట్రెవర్ నంకర్విస్. సాసేజీల్లాంటి వేళ్ళు. గోదాము ముందు లారీల వరసలో బండి ఆపుకుని, లోపల కూర్చుని రహస్యంగా ఊదేవాడట. వెనక లారీవాళ్ళు గొర్రె ఇరుక్కుందేమోనని దిగి చూసేవారు. ప్రదర్శన ముందు రోజు మాత్రం తన క్లారినెట్‌కు కొత్త రెల్లుపలక బిగించి, అందరిలాగే తుడిచి పెట్టాడు.

ప్రదర్శన రోజున ఏడు క్లారినెట్లూ కోళ్ళగూటి వల వెనక మఖ్మలు మీద పడుకున్నాయి. పొరుగు జిల్లా నుంచి వచ్చిన న్యాయనిర్ణేత తెల్ల తొడుగులు వేసుకుని, భూతద్దంతో చూసి, ఏడింటికీ మొదటి బహుమతి ఇచ్చింది. మా అధ్యక్షులవారు వేదిక ఎక్కారు.

"మిత్రులారా, శబ్దం ఎవరైనా చేయగలరు. పరిశుభ్రతే సంగీతానికి ప్రాణం. ఇంత స్వచ్ఛమైన నిశ్శబ్దాన్ని నా జీవితంలో నేనెన్నడూ వినలేదు."

చప్పట్లు మోగాయి. ముందు వరసలో నోయెల్ కుడి చెవికి చెయ్యి ఆనించుకుని కూర్చున్నాడు. పక్కనున్న నన్ను అడిగాడు, "ఎప్పుడు మొదలెడతారు?"

కార్యదర్శికి కొన్ని ప్రశ్నలు వినపడవు.

ట్రెవర్ లేచాడు. వల ఎత్తి తన క్లారినెట్ తీశాడు. రెల్లుపలక నోట్లో తడిపి, నోయెల్ కుడి చెవి పక్కన నిలబడి ఊదాడు. నాలుగో స్వరం బాతులా అరిచింది. ఆరోది రెండు ప్రయత్నాలకు గానీ రాలేదు. ఎనిమిదీ అయ్యాయి.

"ఆరోది కిందికి పోయిందిరా," అన్నాడు నోయెల్. ఆయన కళ్ళు నీళ్ళతో నిండి ఉన్నాయి.

"వేలు జారింది మాస్టారూ."

"మళ్ళీ ఊదు."

మళ్ళీ ఊదాడు. న్యాయనిర్ణేత భూతద్దం తెప్పించి, రెల్లుపలక మీద తడి ఉన్నట్టు ధ్రువీకరించి, రిబ్బను వెనక్కి తీసుకుంది. ప్రశాంత వాతావరణానికి భంగం కలిగిందని ఒక ఫిర్యాదు తయారైంది. అందులో మొదటి సంతకం నాది.

నెలాఖరుకు నోయెల్ కుడి చెవి కూడా పోయింది. వచ్చే ఏడాది తరగతికి నలభైమంది పేర్లిచ్చారు, నేర్పేది మెర్ల్. ట్రెవర్ దరఖాస్తు తిరస్కరించాం, అతనికి ఊదడం వచ్చు గనక. మా ఇంట్లోనూ అద్దాల బీరువాలో ఒక క్లారినెట్ ఉంది. వచ్చినవాళ్ళంతా మాది కళాకారుల కుటుంబమని మెచ్చుకుంటున్నారు.

మీరు నవ్వుతున్నారు, సంతోషం. ఒకసారి లేచి మీ ముందుగదిలో ఉన్న వీణ మీద వేలు పెట్టి చూడండి. దుమ్ము అంటకపోతే, తీగలు మోగి ఎన్నేళ్ళయిందో గుర్తు రాకపోతే, మీ చిరునామా పంపండి. మా దగ్గర ఒక నీలి రిబ్బను మిగిలింది.