పెరటికో ప్లాస్టిక్ పచ్చిక

పెరట్లో ప్రాణమున్న గడ్డిని పెంచేవాళ్ళని చూస్తే నాకు జాలేస్తుంది. దానికి దాహం. దానికి చీడ. శనివారం పొద్దున్నే దానికి క్షవరం. ఇంత చాకిరీ చేయించుకుని అది మనకి తిరిగిచ్చింది ఏమిటి? దోమలు.

అందుకే ఫిబ్రవరిలో పెరడంతా తవ్వించి పుటింగ్ గ్రీన్ వేయించాను. గోల్ఫ్‌లో బంతిని మెల్లగా దొర్లించి గుంటలో వేసే చోటు ఉంటుంది చూశారూ, అదే, ప్లాస్టిక్ గడ్డితో. బుల్లి గుంటలు, బుల్లి జెండాలు. హ్యూస్టన్ శివార్లలో మా కాలనీ మొత్తానికి మొదటిది నాదే. మీరూ వేయించుకోండి. ఇది వరం.

"ఎండకి కాలుతుందా?" అని వేసినాయన్ని ముందే అడిగాను.

"కాలదు సార్, కాస్త వెచ్చబడుతుందంతే" అన్నాడు.

నిజాయితీ గల మనిషి. ఇప్పుడు జులై. వెచ్చబడింది.

ఆ వెచ్చదనంతో లాభాలు ఎన్నని చెప్పను? మా కుక్క వాఫిల్ ఒట్టి బద్ధకపు ముండ. ఇప్పుడు పెరడు దాటేటప్పుడు దాని కాళ్ళు నేలకి ఆనడం నేనైతే చూళ్ళేదు. పుటింగ్ చేసేటప్పుడు పాదాలు కదలకూడదని కోచ్‌లు ఫీజు తీసుకుని మరీ చెబుతారు. నాకా ఖర్చు లేదు. చెప్పుల అడుగు కరిగి గ్రీన్‌కి అతుక్కుంది. నేను కదల్దామన్నా అది కదలనివ్వదు.

ఇక మా ఉక్కపోత. ఏసీలోంచి తలుపు తీసుకుని బయటికొస్తే కళ్ళజోడు నిండా ఆవిరి. బంతి కనపడదు. గుంట కనపడదు. మనోనేత్రంతో ఆడాలి. ఇంతటి ఏకాగ్రత మీకు ఏ యోగా క్లాసులో వస్తుంది?

చుట్టాలూ స్నేహితులూ కూడా పెరిగారు. ఆదివారం చర్చి అవగానే వస్తారు. వంటింటి కిటికీ దగ్గర ఐస్ టీ పట్టుకుని వరసగా నిలబడి "భలే ఉంది హాలిస్" అంటారు. తలుపు వైపు మాత్రం ఒక్కడూ అడుగెయ్యడు. అంత గౌరవం.

పొరుగువాళ్ళు కొందరు, నేను దానికి పైపుతో నీళ్ళు కొడుతుంటే వింతగా చూస్తున్నారు. చల్లార్చొద్దా మరి? మా ఆవిడ నోరీన్ కూడా అడిగింది.

"నీళ్ళు ఆదా అవుతాయని కదయ్యా గడ్డి పీకించావు?"

"అవును."

"మరి ప్లాస్టిక్‌కి నీళ్ళు పోస్తున్నావేం? మొలుస్తుందనా?"

ఆడవాళ్ళకి గోల్ఫ్ లోతుపాతులు తెలియవని ఊరుకున్నాను. అయినా ఆ నీళ్ళు నిలవవు. పోసిన వెంటనే పొగలా లేస్తాయి. ఉచితంగా ఆవిరి స్నానం.

అన్నట్టు, ఆ చోట ఇదివరకు పెకాన్ చెట్టు ఒకటుండేది. గ్రీన్ మీద ఆకులు రాలుస్తుందని, కాయలు పడి బంతి దారి తప్పుతుందని కొట్టించేశాను. నోరీన్ దాని కింద ఉండే తన కుర్చీ తీసుకెళ్ళి, పక్కింటి డెల్మర్ వాళ్ళ ఓక్ చెట్టు కింద వేసుకుంది. డెల్మర్ రిఫైనరీలో చేసి రిటైరైనవాడు. ఆయన భార్యా, నోరీనూ అక్కడ బఠాణీలు వొలుచుకుంటూ నా ఆట మీద వ్యాఖ్యానం చెబుతుంటారు.

ఆ ఓక్ చెట్టు పడమటి వైపుంది. సాయంత్రం దాని నీడ కంచె దాటి, మెల్లగా పాక్కుంటూ నా గ్రీన్ మొత్తాన్నీ కప్పేస్తుంది. నేను రోజంతా కిటికీ దగ్గర కాచుకుని, అది రాగానే పుటర్ కర్ర పట్టుకుని పరిగెడతాను. డెల్మర్ నన్ను చూసేది ఆ ఒక్క పూటే. నవ్వుతూ, ఈల వేస్తూ, బంతులు దొర్లిస్తూ. కంచె దగ్గరికొచ్చి గ్రీన్ ఎలా ఉందని రోజూ అడిగేవాడు. రోజూ నేను వరం అనే చెప్పాను.

నిన్న మళ్ళీ వచ్చాడు.

"హాలిస్, నీ మాటే విన్నానయ్యా. గురువారం నాకూ గ్రీన్ వేస్తున్నారు."

"మంచిది డెల్మర్."

"ముందు ఈ ఓక్ కొట్టేస్తారు. ఆకులు రాల్తాయని నువ్వేగా చెప్పావు."

"తొందరేముంది? ఇంకో ఏడాది ఆలోచించుకో" అన్నాను.

"ఆలోచించేదేముంది? వరమన్నావుగా?"

వెనకనుంచి కుర్చీలో నోరీన్, బఠాణీలు వొలవడం ఆపకుండానే, "చెప్పు హాలిస్. ఆ వరం సంగతేదో ఆయనకి పూర్తిగా చెప్పు" అంది.

ఏం చెప్పను? ఇన్నాళ్ళూ కాలర్ ఎగరేసినవాణ్ణి, కంచె దగ్గర నిలబడి ఏ మొహంతో చెప్పను? లోపల పొయ్యి మీద ఏదో ఉందని చెప్పి వచ్చేశాను. మా ఇంట్లో పొయ్యి నేను ముట్టుకోనని డెల్మర్‌కి తెలుసు.

కాబట్టి పాఠకులారా, మీరంతా తప్పక వేయించుకోండి. ఎండ ఎక్కడ ఎక్కువుంటే అక్కడ వేయించుకోండి. చెట్లుంటే కొట్టించండి. ఒక్క డెల్మర్ తప్ప.

డెల్మర్, పొద్దున్నే కాఫీతో నువ్వు పేపర్లో నా ఈ కాలమ్ చదువుతావని తెలుసు. నీకు మోకాళ్ళ నొప్పులు, నీకది పడదు. ఇవాళే వాళ్ళకి ఫోన్ చేసి రావద్దని చెప్పెయ్. నీ ఓక్ ఆకులు ఇకనుంచీ నేనే ఊడుస్తాను.

ఇంకోమాట. ఆ చెట్టు కింద, నోరీన్ పక్కన, ఇంకో కుర్చీ పడుతుందేమో కాస్త కనుక్కుని చెప్పు. తననే అడుగుదామంటే, తప్పు ఒప్పుకునేదాకా నన్నా ప్లాస్టిక్ మీద నిలబెట్టి నవ్వుతుంది.